మోటారు ఎత్తిన రోజు

తువ్వాలు పర్రున చిరిగింది.

స్పీడు బోటు వెనక వంగి, మోటారు కింది ఫ్యాను రెక్కలు తుడుస్తున్న కొత్త మనిషి నవ్వాడు.

"చూసినావా అన్నా? రెక్క అంచున నొక్కు ఉండాది. గుడ్డను పట్టుకున్నది నీళ్ళను పట్టుకోదా?"

"ముందు చెయ్యి తియ్యప్పా! ఎవుర్నడిగి ముట్టుకున్నావు?" అంటూ ఎర్రిస్వామి గట్టు మీద నుంచి ఉరికి వచ్చాడు.

ఎర్రిస్వామి ఎండిన బోర్లకు పెట్టింది పేరు. ఆయన పొలంలో ఉన్నన్ని బొక్కలు జల్లెడకు కూడా లేవని బెళుగుప్ప చుట్టుపక్కల చెప్పుకుంటారు. అలాంటి చోటికి కాలువ నీళ్ళొచ్చి రిజర్వాయరు నిండింది. ఉన్న పొట్టేళ్ళన్నీ అమ్మి, కోస్తా నుంచి ఒక పాత బోటు తెచ్చుకున్నాడు. కూతురు లహరి నడుపుతుంది.

రిజర్వాయరులో బోటు తిప్పే హక్కు ఒక్కరికే. అనంతపురం హోటలు యజమాని ప్రతాప్ కూడా అడిగాడు. పెద్దలు తేల్చేశారు. రేపు పందెం. ఎవరి బోటు గెలిస్తే హక్కు వాళ్ళది.

ఓడితే లహరి బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీకి, ఎర్రిస్వామి మళ్ళీ బోర్ల మీదికి.

"మోటారు మరీ కిందికి దించినారన్నా. బిగించే పట్టీలో రెండు రంధ్రాలు పైకెత్తి బోల్టులు బిగించండి. పడవ లేస్తాది," అన్నాడు కొత్త మనిషి.

ఎర్రిస్వామి చెవులు మూసుకున్నాడు.

"శుభమా అని పందెం పెట్టుకుంటే ఏం మాటప్పా అది! మా పక్క మోటారు ఎత్తేది ఎప్పుడో తెల్సా? బోరు సచ్చినప్పుడు! నీళ్ళు కావాలంటే దించాల. ఇంకా కావాలంటే ఇంకా దించాల."

"బావికి ఆ లెక్క సరే. పడవకు ఎంత దించితే అంత బరువు. నాగలి మాదిరి నీళ్ళను దున్నుకుంటా పోతాది."

"నువ్వు యాడోనివి?"

"పుట్టింది కదిరి పక్క. కరువు సముద్రం దాకా తరిమింది. ఆడ ఒకసారి ఎంత జోరుగా పోయినానంటే, నా వెనక లేచిన నీళ్ళు, నేను ఒడ్డుకొచ్చి సంగటి తిని నిద్రపోయినాక కింద పడినాయి."

బోటులో కూచున్న లహరి పకపకా నవ్వింది. ఎర్రిస్వామికి పౌరుషం వచ్చింది.

"ఓస్, అంతేనా! మా పాత బోరులో నా చిన్నప్పుడు మా నాయన రాయేసినాడు. టపామని నిన్న ఇనపడె!"

కొత్త మనిషి కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత లహరి వైపు తిరిగాడు.

"పాపా, మోటారు పక్కనుంచి సన్నగా నీళ్ళు చిమ్ముతాంటాయి చూడు. అవి ఆగకుండా ఉన్నంతవరకు ఎత్తు. ఆగినాయంటే మోటారు దప్పికతో కాలిపోతాది. ఇంకా ఆశపడితే ఫ్యాను నీళ్ళొదిలి గాలి కొరుకుతాది."

"ఇదంతా చెప్తే నీకేమొస్తాదప్పా?" అన్నాడు ఎర్రిస్వామి.

"రెండు పడవలూ లేచి పరుగెత్తితే చూడాలని ఆశ. అంతే."

ఎర్రిస్వామి కళ్ళు చిన్నవయ్యాయి.

"ప్రతాప్ పంపినాడు కదూ? మా పడవ చెడగొట్టను?"

అతను చిరిగిన తువ్వాలుతో మొహం మీది చెమట తుడుచుకున్నాడు.

"చెంబుడు నీళ్ళుంటే ఇయ్యన్నా. ఎండ దంచుతాండాది."

"ఎదురుగా రిజర్వాయరు నిండా ఉండాయి. పోయి తాగు!"

చిరిగిన ఎర్ర గళ్ళ తువ్వాలు తలకు చుట్టుకుని అతను వెళ్ళిపోయాడు.

"దప్పికన్నోనికి మన పక్క పగోడు కూడా నీళ్ళిస్తాడు కదా నాయనా," అంది లహరి.

ఎర్రిస్వామి బోటు తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

తెల్లారి, పందేనికి ముందు ఒకసారి నడిపి చూశారు. బోటు ముక్కు ఆకాశానికెత్తి, తోక నీళ్ళలో ఈడ్చుకుంటూ, చూలు బర్రెలా కదిలింది.

లహరి ఒడ్డుకు తెచ్చి పానా అందుకుంది.

"నాయనా, ఎత్తుతాండా."

"ఎత్తుకో తల్లీ. నేను మాత్రం చూడలేను," అని ఎర్రిస్వామి మొహం అటు తిప్పుకున్నాడు.

లహరి ఆకురాయితో రెక్క నొక్కును అరగదీసింది. మోటారును రెండు రంధ్రాలు ఎత్తింది. పక్కనుంచి చిమ్మే నీళ్ళు ఆగలేదు.

జెండా ఊగింది.

ప్రతాప్ తెల్ల బోటు బాణంలా దూకింది. దాని డ్రైవరును ఎక్కడి నుంచో కిరాయికి పిలిపించాడట. నల్ల హెల్మెట్‌లో మొహం కనపడలేదు. మలుపులో నీళ్ళను కత్తితో కోసినట్టు కోశాడు.

కానీ లహరి బోటు లేచింది. ఎంత లేచిందంటే, ఫ్యాను తప్ప మిగతాదంతా గాలిలోనే ఉందని గట్టు మీది జనం ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు.

మూరెడు తేడాతో లహరి గెలిచింది.

డప్పులు, పలకలు మోగాయి. ఎర్రిస్వామిని భుజాల మీదికెత్తుకున్నారు. ఆ పైనుంచే అరిచాడు.

"నన్ను దించి, ఆ తువ్వాలాయన్ను ఎతకండప్పా! నా చేత్తో నీళ్ళియ్యాల!"

చెంబు నిండా కుండలో నీళ్ళు ముంచుకుని, ఒలకకుండా గట్టంతా తిరిగాడు. ఎవరూ చూడలేదన్నారు. ఆఖరికి ప్రతాప్ దగ్గరికి వెళ్ళాడు.

"ఎర్ర తువ్వాలు చుట్టుకున్నాయన ఎవురన్నా ఈ పక్క వచ్చినాడా?"

ప్రతాప్ చిరాకులో ఉన్నాడు.

"నాకేం తెల్సప్పా! నా డ్రైవరే నిలబడలేదు. ఓడినోనికి కిరాయి లేదంటి. నవ్వుకుంటా కదిరికని బస్సెక్కి పోయినాడు. ఓడి నవ్వేటోన్ని యాడన్నా చూసినావా?"

ఎర్రిస్వామి తెల్ల బోటులోకి చూశాడు.

ఖాళీ డ్రైవరు సీటు మీద, నల్ల హెల్మెట్ పక్కన, అంచు చిరిగిన ఎర్ర గళ్ళ తువ్వాలు ఎండకు ఆరుతోంది.