నాలుగో మంచం పలకరింపు

నాలుగో మంచం మీది పెద్దాయన సాయంత్రమే పోయాడు. అయినా ఆయన్ను పలకరించలేదంటూ నర్సు చేతిలోని ట్యాబ్ మోగుతూనే ఉంది. రోగితో మాట్లాడిన గొంతు వినిపిస్తే తప్ప అది ఊరుకోదు. ఆసుపత్రివాళ్లు ఆప్యాయతను కూడా యంత్రానికి అప్పజెప్పారు.

"పోయినాయనతో ఏం మాట్లాడమంటావే, నా ప్రాణానికి!" అని విసుక్కుంటూ ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఖాళీ మంచం వైపు తిరిగి, "ఎలా ఉన్నారు తాతయ్యా? నిద్ర పట్టిందా?" అని గబగబా అడిగేసింది.

మోత ఆగింది. వార్డంతా నిశ్శబ్దం. హమ్మయ్య అనుకునేలోగా తెరమీద ఒక్కో మాటే పడసాగింది.

"రోగి జవాబు: లేదమ్మా. మూడు రోజుల్లో ఇవాళే కూర్చున్నావు. ఇంకాసేపు ఉండు."

ఆమె దిగ్గున లేవబోయింది. మంచం వైపు నుంచి ఆమె కోటు అంచును ఎవరో మెత్తగా పట్టుకున్నారు.