మెట్ల కింది కుప్ప

“కార్డుకి రెండంటే రెండే తాతా! పదకొండు ఎలా ఇస్తాను?” అంది కొత్త లైబ్రేరియన్.

ఆ పాత టౌన్‌హాలులో కింద గ్రంథాలయం, పైన నాటకాల వేదిక. పదేళ్లుగా ఎవరూ తీసుకెళ్లని పుస్తకాలను మెట్ల కింద కుప్ప పోశారు. మధ్యాహ్నం పాతకాగితాల బండి వస్తుంది. పైన తెర లాగే ముసలాయన పొద్దున్నే దిగివచ్చి, ఆ కుప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక్కొక్కటే తీసి, వెనక అట్ట తెరిచి, లోపల అతికించిన చీటీ చూసి, కొన్ని పక్కన పెట్టుకున్నాడు. ముందు అట్ట వంక చూడనైనా లేదు.

“తేనెటీగలు, ఓడలు, రేఖాగణితం... ఇదేం వరస తాతా? ఎవరికివన్నీ?”

“ఇవి మా అమ్మాయివమ్మా.”

“ఇవన్నీ చదువుతుందా?”

“దానికి అదీ ఇదీ అని లేదు. పైన ఆట అయ్యేదాకా ఇక్కడే కూచుని ఏది దొరికితే అది నమిలేస్తుంది. చెవి పట్టుకుని ఇంటికి లాక్కెళ్లాల్సిందే. అప్పుడూ చంకలో ఓ పుస్తకం ఉంటుంది.”

“నేనొచ్చి రెండు నెలలైంది, ఒక్కసారీ కనబడలేదే! రేపు పంపించండి. కార్డు రాసిస్తే ఇంకో రెండు ఇవ్వొచ్చు.”

ముసలాయన పదకొండింటినీ ఒళ్లోకి లాక్కున్నాడు.

“పోనీ, మంచివి రెండు మీరే ఏరండి. బండి వచ్చే వేళయింది.”

“రెండు ఎట్లా ఏరనమ్మా?”

ఆమె విసుగ్గా పై పుస్తకం అందుకుని చీటీ చూసింది. తీసుకెళ్లినవాళ్ల సంతకాల్లో అన్నిటికన్నా చివరిది, గుండ్రటి అక్షరాల్లో ఒక ఆడపిల్ల పేరు. రెండో పుస్తకంలోనూ అదే. పదకొండింటిలోనూ అదే. ఆఖరి తేదీ పడి పదమూడేళ్లు.

ఆమె పుస్తకాన్ని మెల్లగా కింద పెట్టింది.

“తాతా... అమ్మాయి?”

“జ్వరమన్నారు. నాలుగో రోజుకే పోయింది. అప్పుడు నేను పైన తెర లాగుతున్నా.”

 ఆమె తేదీ ముద్ర అందుకుంది. రెండు ఆయన కార్డు మీద, తక్కిన తొమ్మిదీ తన పేరు మీద రాసుకుని, పదకొండింటికీ తేదీ వేసింది. తాడు పెట్టి మూట కట్టబోతూ అంది:

“నెమ్మదిగా చదువుకోండి తాతా. అమ్మాయి చదివినవేగా.”

“రోజూ చదువుకుంటానమ్మా.” ఆయన చీటీ మీది సంతకాన్ని వేలితో తడిమాడు. “సంతకం పెట్టినప్పుడల్లా నాకు చూపించేది. ‘ఇదిగో నాన్నా, ఇది నేను’ అని.”

ఆయనకు చదవడం వచ్చిన మాట ఆ పేరొక్కటే.