రెండో గీత

“ఒరేయ్ ఫెతూ, ఏడో సీసా రక్తంలో పురుగులు కనిపించాయిరా! సూక్ష్మదర్శినిలో నా కళ్ళతో చూశాను. నీ పట్టీ అబద్ధం చెప్పలేదు!”

ఫోన్లో డాక్టర్ లఫాయి మాట పూర్తికాకముందే ఫెతు బల్ల చరిచి లేచాడు.

నెలరోజులుగా అతని ప్రాణమంతా ఆ ఏడో సీసాలోనే ఉంది. ఒక్క చుక్క రక్తంతో బోదకాలు జబ్బును కనిపెట్టే పట్టీ తయారుచేశాడతను. జబ్బుంటే రెండో గీత పడుతుంది. దాన్ని సరిచూడటానికి, ఏ జబ్బూ లేదనుకున్న చర్చి గాయకుల దగ్గర అతని భార్య సియెని రక్తం తీసింది. సీసాల మీద పేర్లు లేవు, అంకెలే. ఏది ఎవరిదో ఆమెకొక్కదానికే తెలుసు. ఫలితం తేలేదాకా చెప్పకూడదు. తీరా చూస్తే ఏడో సీసాకు రెండో గీత పడింది. అది తప్పని తేలితే, సమోవా అంతటా పంచాల్సిన పట్టీ చెత్తబుట్టలోకే.

సియెనిది ఒకటే పాట. “ఆ గీత తప్పే, ఫెతూ. పట్టీ పాడైపోయుంటుంది. మళ్ళీ చూడు.” మళ్ళీ మళ్ళీ చూసినా గీత పడుతూనే ఉంది. చివరికి ఆ రక్తాన్ని రాజధాని అపియా ఆసుపత్రికి, డాక్టర్ లఫాయి దగ్గరికి పంపిందీ ఆమే.

“పెళ్ళయి మూడు నెలలు కాలేదు, అప్పుడే మొగుడి పనిమీద నమ్మకం పోయిందా?” అని దెప్పేవాడు ఫెతు. కానీ సాయంత్రమయ్యేసరికి ఆమె కొబ్బరినూనె గిన్నెతో వచ్చి, అతని పాదాలూ చీలమండలూ నెమ్మదిగా ఒత్తుతూ కూర్చుంటే ఇంక కోపమెక్కడిది? ఇంత ప్రేమ ఎంతమంది మొగుళ్ళకు దొరుకుతుంది!

“విన్నావా? ఇప్పుడేమంటావు?” ఫోన్ పెట్టేసి, ఆదివారం చర్చిలో గాయకులతో కలిసి తాను పాడే పాట ఎత్తుకుని గది మధ్యలో గంతులేశాడు.

సియెని కుర్చీలో కూలబడింది.

“ఓడిపోయినందుకు అంత బాధా?”

“నిజంగానే కనిపించాయన్నారా?”

“నిజంగానే! ఆ ఏడో సీసావాడెవడో గానీ, వాడి పురుగులు చల్లగా ఉండాలి! రేపు పందిని రాళ్ళపొయ్యిలో కాల్చి, నేనే భుజాన వేసుకుని వాడింటికి మోసుకెళ్తా. ఇంక పేరు చెప్పొచ్చుగా?”

సియెని అతని చెయ్యి పట్టుకుంది.

“రేపు పొద్దున్నే మాత్రలు మింగేది నువ్వే.”