అత్తగారి ఆపిల్ పచ్చడి

కారు దిగిన జడ్జిని చూడగానే హెస్టర్ గుండె గుభేలుమంది.

అదే బొద్దు మొహం. అదే బొంగురు గొంతు. మూడు ఊళ్ళ అవతల శనివారం సంతలో పచ్చళ్ళు అమ్మే మిసెస్ పెనీ! నెదర్ కోంబ్ పూల ప్రదర్శనకు ఏటా వచ్చే జడ్జికి నడుం పట్టేసిందట. ఆయన బదులు ఈవిణ్ణి పంపారట. పంపడానికి ఇంగ్లండు మొత్తానికి ఇంకో మనిషి దొరకలేదు కాబోలు!

డేరాలో అన్నీ సర్దేసి ఉన్నాయి. డాలియాలు, పిల్లాడి తలంత ఉల్లిగడ్డలు, టీ కెటిల్‌కి తొడిగే ఊలు టోపీలు. ఓ పక్కగా పచ్చళ్ళ బల్ల. దాని మీద హెస్టర్ సీసా. సీసా హెస్టర్‌దే. మూత మీద గళ్ళ గుడ్డా హెస్టర్‌దే. లోపలున్న ఆపిల్ పచ్చడి మాత్రం మిసెస్ పెనీది.

పెళ్ళయిన కొత్తలో అత్తగారు బెరిల్ పిలిచి, తన పేరుమోసిన పచ్చడి ఎలా చెయ్యాలో చెప్పింది. "ఇక నాకు ఓపిక లేదే. ఇంటి పరువు నీ చేతిలో పెడుతున్నా," అంది. హెస్టర్ చెప్పింది చెప్పినట్టు చేసింది. మాడిపోయింది. మళ్ళీ చేసింది. జావగా వచ్చింది. ఏం చెయ్యాలో తోచక సంతకు పరిగెత్తి, ఒకటి కొనుక్కొచ్చి తన సీసాలోకి మార్చేసింది.

ప్రదర్శనలో దానికి ఫస్టొచ్చింది. ఇరుక్కుపోయింది.

అప్పట్నుంచీ ఏటా ఇదే కథ. నిరుడైతే ఆ పాత జడ్జి పచ్చడి నాలిక్కి రాసుకుని, కళ్ళు మూసుకుని, పక్కనున్న మురియెల్ సీసాలో లేని కమ్మదనమేదో ఇందులో ఉందన్నాడు. ఆ దెబ్బకు మురియెల్ ఆర్నెల్లు మాట్లాడలేదు.

ఇవాళ మిసెస్ పెనీకి ఒక్క చెంచా చాలు. తన చేతి వంట తనకు తెలియకుండా ఉంటుందా? ఊరు నవ్వితే నవ్వనీ. అత్తగారి మొహం ఎలా చూడాలి?

హెస్టర్ డేరా దగ్గరికి ఉరికింది. తలుపు గుడ్డకు రెజ్ తాడు కడుతున్నాడు. ప్రదర్శన పెత్తనమంతా ఆయనదే.

"రెజ్ బాబాయ్, ఒక్క నిమిషం! నా సీసా తీసేసుకుంటాను."

"ఇంకా నయం! బల్ల మీద పెట్టాక రాజుగారొచ్చినా తియ్యడానికి లేదు."

"మూత సరిగ్గా పట్టలేదేమోనని..."

"ఏంటమ్మా మీ గోల! ఇందాకే మురియెల్ కళ్ళజోడు లోపల మర్చిపోయానంటూ వచ్చింది. దాని వెనకే ఫ్లోరా, నా పచ్చడిలో వెంట్రుక పడిందేమో చూసుకుంటానంటూ. జడ్జి లోపలికెళ్ళాక ఇంకెవ్వరూ వెళ్ళకూడదని తెలీదూ? పోండి, పోయి టీ తాగండి!"

ముడి బిగించేశాడు.

గడ్డి మీద వేసిన కుర్చీల్లో ఆడవాళ్ళంతా కూర్చున్నారు. మామూలుగా అయితే ఒకరి కేకు మీద ఒకరు, ఒకరి టోపీ మీద ఒకరు వేళాకోళాలు. ఇవాళ ఎండ ఎక్కువైందో ఏమో, ఒక్కరికీ నోరు పెగల్లేదు.

"ఇంటికి పోదాం పదవే. తల తిరుగుతోంది," అంది బెరిల్.

"ఫలితాలు చూడకుండానా, అత్తయ్యా?"

మధ్యలో లేచి వెళ్తే అనుమానం రాదూ! లేకపోతే హెస్టర్ ఎప్పుడో పరిగెత్తేది.

"చూసేదేముంది! ఏటా చూస్తున్నదేగా," అని బెరిల్ విసుక్కుంది.

డేరాలోంచి చెంచా సీసాకు తగిలిన చప్పుడు వినిపించింది. కాసేపాగి మళ్ళీ వినిపించింది. ఆ తర్వాత ఎంతసేపటికీ అలికిడి లేదు. అయిపోయింది, ఆవిడకు తెలిసిపోయింది. హెస్టర్‌కు ఏడుపొచ్చింది. వెధవ పచ్చడి కోసం ఇన్నేళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికింది.

రెజ్ తాడు విప్పాడు. జనంతో పాటు హెస్టర్ కాళ్ళీడ్చుకుంటూ లోపలికి వెళ్ళింది.

ఆమె సీసా ముందు ఎర్ర కార్డు. మొదటి బహుమతి!

సంతోషం మాట అటుంచి, చెమటలు పట్టాయి. ఎందుకిచ్చినట్టు? రేపు సంతలో నలుగురిలో అడిగి పరువు తియ్యడానికా? డాలియాల పక్కన చెంచా తుడుచుకుంటున్న మిసెస్ పెనీ దగ్గరికి వెళ్ళింది.

"మీకు తెలిసిపోయిందని నాకు తెలుసు," అంది, గుమ్మం దగ్గరున్న బెరిల్‌ని ఓరగా చూస్తూ. "మీ కాళ్ళు పట్టుకుంటాను, మా అత్తగారికి మాత్రం చెప్పకండి. ఆవిడ ప్రాణమంతా ఆ పచ్చడిలోనే ఉంది."

మిసెస్ పెనీ అటూ ఇటూ చూసి, ఆమె చెవి దగ్గరికి వంగింది.

"ఆ బల్ల మీద నాది కాని పచ్చడి ఒక్కటీ లేదమ్మా, అసలు ఈ ఊరి నుంచి నాకు బోణీ చేసిందే మీ అత్తగారు!"