నడిచెరువు నీళ్లు

సంయుక్త చెరువులోకి పడే పైపు మూతి కింద సీసా పెట్టగానే ఒక ముసలాయన వచ్చి అడ్డం నిలబడ్డాడు. ఆమె ఫోనులో తెలుగు మాట్లాడటం విన్నట్టుంది.

"ఈడ కాదమ్మా. ఆడ, నడిచెరువులో పట్టు."

చెన్నై షోళింగనల్లూరులో ఆ చెరువు చుట్టూ అపార్ట్‌మెంట్లే. ఏ పైపులో మురికి హద్దు దాటితే ఆ అపార్ట్‌మెంటుకు నోటీసు. అదీ రూలు. కాలుష్య నియంత్రణ ఆఫీసులో చేరిన ఏడాదికే సంయుక్తకు ఆ చెరువు అప్పగించారు. దాన్ని బతికించి తీరాలని ఆమె పంతం.

"అక్కడ నీళ్లు పట్టుకుంటే అది ఎవరి మురికని చెప్పేది తాతా?"

"ఎవురిదైతే ఏమి? చెరువు ఎంత తాళతాదో ముందు చూడు. అది దాటినాక ఇంకో పైపు రానీకు."

ఆయన వెళ్లి పెద్ద అపార్ట్‌మెంటు గేట్లోకి నడిచాడు. వాచ్‌మన్ లేచి నమస్కారం పెట్టాడు.

సంయుక్తకు విషయం అర్థమైపోయింది. ఈయనా అపార్ట్‌మెంటు మనిషే. అందరి మురికీ కలిపేస్తే ఎవరూ దొరకరు. గడుసువాడే అనుకుంది.

రూలు మార్చాలా వద్దా అని ఊరి వాళ్లను అడిగే సభలోనూ ఆయన అదే మాట పట్టుకున్నాడు. దోషిని పట్టని రూలు దొంగలకే చుట్టమని సంయుక్త మైకులో అంది. ఆయన ఇంకేదో చెప్పబోయాడు గానీ చప్పట్లలో వినపడలేదు. పాత రూలే నిలిచింది.

ఆ ఎండాకాలం చేపలన్నీ చచ్చి తేలాయి.

సంయుక్త పైపులన్నీ పరీక్ష చేయించింది. ఒక్కటీ హద్దు దాటలేదు. హద్దులో ఉన్న పైపులే ఒకదాని పక్కన ఒకటి చేరి చెరువును చంపేశాయి. నోటీసు ఇద్దామంటే ఒక్క దోషి లేడు.

ఆమెకు సిగ్గేసింది. అయినా ఊరుకోలేదు. పడవ మాట్లాడుకుని నడిచెరువులో నీళ్లు పట్టింది. మళ్లీ సభ పెట్టించాలి, ఈసారి మైకు ఆయన చేతికే ఇవ్వాలి. ఆ సీసాతోనే వెళ్లి ఆయన ఇంటి తలుపు తట్టింది.

కూతురు వాసంతి తలుపు తీసింది. ఆయన పోయి నెలయిందట.

సంయుక్త సీసాను గడప మీద పెట్టింది. ఆ రూలంటే ఆయనకు ఎందుకంత కోపమని చివరికి అడిగింది.

వాసంతి ఆ సీసా వంకే చూస్తూ అంది.

"కోపం ఏముందమ్మా? చెప్పులరిగేలా కోర్టు చుట్టూ తిరిగి ఆ రూలు తెచ్చిందే మా నాయన."