తడక ఎనక చీమలు

మొగని మందు గోలీల సీస రాజమణి చేతిల ఉంది. చెయ్యి మండే పొయ్యి మీద ఉంది.

"లీలమ్మ గడప తొక్కనని ఒట్టెయ్యి. లేకుంటే వీటిని పొయ్యిల ఎయ్యమంటవా?"

సీతారాములు మగ్గం గుంతల నుంచి లేచి ఉరికొచ్చిండు. "ఏమే, పిచ్చి లేసిందా? పట్నం నుంచి తెప్పిచ్చిన గోలీలవి! అవి లేకుంటే మళ్ల మంచం వడ్త."

"పడు. అప్పుడన్న నా ఇంట్ల ఉంటవు."

"ఆమె ఇంటికి నేను నూలు కండెలకు పోతున్న. ఆమె కండెలు చుట్టకుంటే మన మగ్గం ఆడదు. ఒట్టెట్ల వేస్త?"

"కండెలకు పోయినోనివి ఆమె తానం చేసే తడక ఎనకకు ఎందుకు పోయినవు?"

సీతారాములు తల గోక్కున్నడు. తేలు కుట్టిన దొంగ లెక్క నిలబడ్డడు అనుకుంది రాజమణి. పాపం, ఆయనకు నిజంగనే ఏం సమజ్ కాలేదు.

"నాకు ఎవ్వలు చెప్పలేదు. చీమలు చెప్పినయి!" అన్నది. "పొద్దుగాల చాట అడుగుదామని లీలమ్మ ఇంటికి పోయిన. ఆమె తడక ఎనక బండ మీద చీమలు బారులు కట్టినయి. ఎవరు ఒంటికి పోసిన నీళ్లకు చీమలు పడ్తయో నాకు తెల్వదా? గీ ఊళ్లె చక్కెర బీమారి నీకొక్కనికే గదా!"

"ఓసి నీ..."

"ఆగు, నన్ను చెప్పనియ్యి. కడివెడు తాగి కడివెడు పోసేటోనివి. ఎంత తాగినా దూప తీరకపోతుండె. తెల్లార్లు చెంబు అందిచ్చింది నేను. అప్పుడు మన గోడ పొంటి చీమలే చీమలు. ఇప్పుడు చూడు, మన గోడకు ఒక్కటన్న ఉందా? ఎందుకు లేదు? నువ్వు ఈడ పోస్తలేవు. ఆడ పోస్తున్నవు!"

ఇంత లెక్క కట్టినంక ఇగ ఆమెను ఆపుడు బ్రహ్మ తరం గాదు. వాడకట్టు ఆడోళ్లంత పనులిడిచి గోడల మీద తలకాయలు పెట్టిండ్రు.

అప్పుడే లీలమ్మ కండెల గంప పట్టుకొని వాకిట్లకొచ్చింది. మొగడు షోలాపూర్ మిల్లుల పనికి పోయినకాడి నుంచి ఆమె ఒక్కతే ఉంటాంది. రాజమణి చూపు సీదా ఆమె నడుము మీదికి పోయింది. మొన్నటిదాక తనంత ఉన్న మనిషి పుల్ల లెక్క సన్నగయ్యింది. కుచ్చిళ్లు ఇంకో రెండు ఎక్కువ పడ్తున్నయి. మొగడు ఇంట్ల లేనిది ఎవరి కండ్లకు ఆనాలని సన్నగయితాందో! రాజమణి తన కొంగు జర బిగిచ్చుకుంది.

"నా పేరు ఎందుకు తీస్తున్నవు వదినా?" అనుకుంట లీలమ్మ గంప దించింది. కుండల చెంబు ముంచి గటగట తాగింది.

"చూడుండ్రి, గొంతెట్ల ఎండుతాందో! తప్పు చేసినోళ్లకు గట్లనే ఎండుతది."

"మార్కండేయ సామి తోడు వదినా. అన్న నా అరుగు మీదనే కూసుంటడు. పెరట్లకు ఎన్నడు రాలేదు."

"అన్నట అన్న! మరి ఆ చీమలు నా తల్లిగారింటి నుంచి వచ్చినయా?"

"ఏం చీమలు?" అన్నది లీలమ్మ.

ఆమె గట్ల అమాయకంగ అడిగేసరికి రాజమణికి ఇగ ఆగలేదు. సీస మూత ఊడవీకి గోలీలన్ని పొయ్యిల గుమ్మరిచ్చింది. సీతారాములు చెయ్యి పెట్టబోయి, సెగ తాకంగనే ఎనకకు గుంజుకున్నడు. కండ్ల ముందట తెల్ల గోలీలు నల్లగయినయి.

ఆయన తిట్టలేదు, కొట్టలేదు. అట్లనే పొయ్యి పక్కన కూలవడ్డడు.

"ఇగ సంబురపడు. మన గోడకు మళ్ల చీమలొస్తయి."

"అంటే?"

"డాక్టరు ఏం చెప్పిండో నీకు ఎన్నడన్న పట్టిందా? గా గోలీ లోపల చక్కెరను అరిగిచ్చే రసాన్ని ఊరిస్తదట. నీళ్లల్లకు పోనియ్యదు. మొన్న దవాఖానల నా నీళ్లను నీలం మందుల పోసి కాగవెట్టి చూసిండ్రు. చక్కెర ఉంటే ఎర్రగయితదట. నీలం నీలమే ఉంది. పీర్ల పండుగ నుంచి గోలీలు మింగుతున్న. అప్పటి నుంచి నేను ఏడ పోసినా చీమ రాదే పిచ్చిదానా."

గోడల మీది తలకాయలు ఒకదాన్నొకటి చూసుకున్నయి. రాజమణి ఉత్త సీస దిక్కు చూసింది, పొయ్యి దిక్కు చూసింది. ఆమె గొంతు ఒక్కసారి చిన్నగయ్యింది.

"మరి ఆ తడక ఎనక చీమలు ఎవలివి?"

లీలమ్మ ఉత్త చెంబు ఆమె ముందటికి చాపింది.

"వదినా, నన్ను తర్వాత తిడుదువు గని, ఇంకిన్ని నీళ్లు పొయ్యవా? ఎంత తాగినా గీ దూప తీరుతలేదు."