పిడికిలి విప్పిన అద్దం

“ఈ పెట్టె చేసినవాడెవడో గానీ, వాడి చేతికి మళ్ళీ సుత్తి ఇవ్వకండమ్మా,” అన్నాడు వడ్రంగి. “మూలలు చూడండి, ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి.”

“నేనే చేశాను,” అంది డాక్టరమ్మ.

గుమ్మం దగ్గర అతని భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా కాలమైంది. ఆమె పక్కనే సర్దిన సంచీ ఉంది. సాయంత్రం బస్సుకి అన్నయ్య ఇంటికి వెళ్ళిపోతోంది. పొమ్మన్నది అతనే. నొప్పి లేచినప్పుడు నోటికెంత మాట వస్తే అంత మాట అనేస్తున్నాడు. నిన్న కంచం విసిరికొట్టాడు. రేపు ఏం విసురుతాడో అతనికే భయం.

మిల్లులో ప్రమాదం జరిగిన నాటి నుంచి అతని ఎడమ పిడికిలి బిగుసుకుపోయింది. గోళ్ళు అరచేతిలోకి దిగబడుతున్నట్టు ఒకటే పోటు. మాత్రలు పనిచెయ్యలేదు. తైలం రాస్తానని వస్తే భార్య మీద అరిచాడు. “నీకింకా నొప్పేమిటయ్యా!” అని మిల్లు యజమాని తీసిపారేశాడు. చుట్టాలు నాటకమన్నారు.

డాక్టరమ్మ పెట్టెను బల్ల మీద పెట్టింది. దాని నడుమ ఒక అద్దం నిలబెట్టి ఉంది.

“కుడిచెయ్యి అద్దం ముందు పెట్టండి. ఎడమవైపు అద్దం వెనక ఉండాలి. భుజం మీది శాలువా తియ్యక్కర్లేదు. ఇప్పుడు అద్దంలో ఏం కనిపిస్తోంది?”

“నా ఎడమచెయ్యి...” అని, అంతలోనే తేరుకున్నాడు. “కుడిచేతి నీడే కదమ్మా! చిన్నపిల్లాణ్ణి చేసి ఆడిస్తున్నారా?”

“నీడని మీకు తెలుసు. మీ మెదడుకి తెలియదు. కన్ను ఏం చెబితే అది నమ్ముతుంది.”

“కన్ను అబద్ధం చెబితే?”

“అదీ నమ్ముతుంది. అదే మన అదృష్టం. రెండు పిడికిళ్ళూ ఒకేసారి మెల్లగా విప్పండి. చూపు తిప్పకండి.”

కుడి పిడికిలి విచ్చుకుంది. అద్దంలో ఎడమచెయ్యి వేలు వేలుగా తెరుచుకుంది. గోళ్ళు అరచేతిని వదిలేశాయి. ఎన్నాళ్ళకో ఆ అరచేతికి చల్లగా గాలి తగిలింది.

“ఏమే!” అని భార్యని కేకేశాడు. “విచ్చుకుందే!”

ఆమె పరుగున వచ్చి పక్కన కూర్చుంది. మొదటిసారి సముద్రం చూసినవాళ్ళలా ఇద్దరూ అద్దంలోకి చూస్తూ ఉండిపోయారు.

“మరి నొప్పో?” అందామె.

“లేదే. ఎవరో తాడు కోసేసినట్టు పోయింది.”

“మళ్ళీ వస్తుంది,” అంది డాక్టరమ్మ. “వచ్చినప్పుడల్లా ఇలాగే చెయ్యాలి.”

“ఈ వంకర పెట్టెతోనా? నేనే మంచిది చేసుకుంటాను.” భార్య మొహం చూడలేక నేల చూశాడు. “సుత్తి నేను కొడతాను. మేకు పట్టుకోడానికి... నువ్వుంటావా?”

“నా వేళ్ళ మీద కొట్టనంటే ఉంటాను,” అంటూ ఆమె సంచీ అందుకుని లోపలి గదిలోకి నడిచింది.

అతను అద్దంలోని చేతిని తనివితీరా చూసుకున్నాడు. భుజం మీంచి శాలువా జారింది. మెల్లగా తల వంచి, అద్దం వెనక్కి తొంగి చూశాడు.

అక్కడ మోచేతి దగ్గర ముడివేసిన ఖాళీ చొక్కా చెయ్యి ఒక్కటే ఉంది.